మూసేయని దారి

రాత్రి పదకొండున్నర.
వాల్పరాయిసో రేవులో పొగమంచు
ఓడల్ని ఒక్కొక్కటిగా మింగుతోంది.
చల్లారిన టీ పక్కన, చీకటి గదిలో కూర్చుని
ఎలియెసెర్ ఒయార్సూన్ మెడను
పొర తర్వాత పొర విప్పుతున్నాను.

వయసు అరవై ఎనిమిది.
పని: కొండ మీదికి జనాన్ని లాగే
పాత తాటి రైలుపెట్టె నడపడం.
బాధ: రెండుసార్లు ఎడమ కంటి ముందు
నల్లటి తెర దిగింది, దానంతటదే లేచింది.
ఎడమ మెడధమని ముప్పాతిక పైగా పూడిపోయింది.
అది కొత్తగా చేరిన కుర్రాడికీ కనిపిస్తుంది.
ఉదయం ఏడున్నరకి ఆపరేషన్.
కాగితం మీద నా సంతకమొక్కటే తక్కువ.

పెట్టేసేదాన్నే.
కానీ మెడపూసలకి అటూ ఇటూ చిన్న కిటికీలుంటాయి.
వాటిలోంచి రెండు నాళాలు పాకాలి
మెదడు వెనక గదికి.
కుడి కిటికీలో నూలుపోగు.
ఎడమ కిటికీలో అదీ లేదు.
మరి వెనక గదిలో దీపం
ఇన్నేళ్ళు ఎవరి నూనెతో వెలుగుతోంది?

చిలోయె దీవిలో మా అమ్మమ్మ
పాత ఉన్ని చొక్కా విప్పేటప్పుడు
ఒక పోగు దొరకబుచ్చుకుని
వెనక్కి, వెనక్కి, వెనక్కి పోయేది.
నేనూ అలాగే పోయాను.
మెదడు కాండం ముందున్న నాళం నుంచి కిందికి,
పుర్రె అడుక్కి,
నాలుకను కదిపే నరం దూరే సందులోకి.
అక్కడ,
ఆ నరం ఉండే ఇరుకింట్లో
పిలవని చుట్టంలా భుజం ఒరుసుకుంటూ
ఒక లావుపాటి ధమని.

ఎక్కణ్ణుంచి వచ్చావే నువ్వు?

ఆ ఎడమ మెడధమనిలోంచే.
పూడికకి రెండు వేళ్ళు పైన.

తల్లి కడుపులో అయిదో వారం.
బిడ్డ మినపగింజంత.
ముందు నాళాలకీ వెనక నాళాలకీ నడుమ
కొన్ని వంతెనలు పడతాయి, వారం రోజుల బతుకు వాటిది.
గోడ లేచాక సారువ విప్పినట్టు
శరీరం వాటిని విప్పేస్తుంది.
ఇతనిలో ఒకదాన్ని మరచిపోయింది.
మరచిందో, ఉంచుకుందో.
పద్దెనిమిదేళ్ళ కొలువులో నాకిది మొదటిది.
పుస్తకంలో బొమ్మగా చూసి, పరీక్ష రాసి, పక్కన పెట్టేసినది.
అద్దానికీ భార్యకీ తెలియని
లోపలి పుట్టుమచ్చ.

డాక్టర్ ఉర్రుతియా నిద్రగొంతుతో ఎత్తాడు.
"రేపు మీరు బిగింపు వేసేది ముందు గదికి కాదు,
ఇల్లంతటికీ" అన్నాను.
అవతల మంచం కిర్రుమంది.
"ఊపిరి చూసుకునే చోటుకి కూడానా?"
"దానికి కూడా."
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏదో ఓడ కూత వేసింది,
అతని కిటికీలోనో, నా కిటికీలోనో.
"రేపు వద్దు. నెత్తురు ఆగకుండా దారి మళ్ళించే ఉపాయం
ముందు ఆలోచిద్దాం."

తెల్లారి ఎలియెసెర్‌కి బొమ్మ చూపించాను.
వేలితో మెల్లగా తడిమాడు తెరని,
గ్రీజు మరకలు గోళ్ళలో ఇంకా ఉన్నాయి.
"వెనక భాగమంతా ఈ ఒక్క తాడు మీదేనా?"
అవునన్నాను.
"ఎప్పుడు మూసేయాల్సిందన్నారు?"
మీరు పుట్టకముందే అన్నాను.
నవ్వాడు.
తన రైలుపెట్టెని కూడా మూసేయమని
మూడుసార్లు కాగితం వచ్చిందట.
వానకి మెట్లదారి జారిపోయిన ఏడు
రొట్టెలూ, గర్భిణులూ, ఒక పియానో,
అన్నీ దాని మీదే ఎక్కాయట.
తర్వాత నవ్వు ఆపి, పనివాడి ముఖంతో అడిగాడు:
"సరే డాక్టరమ్మా, ఇన్నేళ్ళూ
దీనికి గ్రీజు ఎవరు రాశారు?"

నా దగ్గర జవాబు లేదు.

నివేదికలో "అసాధారణం" అని రాశాను.
కొట్టేశాను. వేరే మాట దొరకలేదు.
మళ్ళీ అదే రాశాను.

బయట మంచు విడుతోంది.
ఓడరంగు పూసిన రేకుల ఇళ్ళు కొండ మీద
ఒక్కొక్కటిగా తేలుతున్నాయి.
బస్సు కోసం నిలబడి
దవడ కింద రెండు వేళ్ళు ఆనించాను.
కొట్టుకుంటోంది.
ఏ దారిన పోతోందో,
నా మెడని ఇంతవరకు ఎవరూ చూడలేదు.